ఖ్మేర్ డబ్బింగ్‌లో పెదవుల కన్నా ముందు పిలుపులు

ప్రశ్న క్లుప్తంగా ఇది: తెలుగులో సీరియళ్ళకు డబ్బింగ్ మాటలు రాసిన అనుభవం ఉంది. ఇప్పుడు కంబోడియా రాజధాని నాంపెన్‌లోని ఒక స్టూడియోతో కలిసి 40 ఎపిసోడ్ల చైనా రాజుల కాలపు సీరియల్‌ను అక్కడి భాష ఖ్మేర్‌లోకి తేవాలి. ఆ వెనకే ఒక కొరియన్ సీరియల్ కూడా రావచ్చు. పని ఏ వరుసలో సాగాలి, ఎక్కడెక్కడ దెబ్బ తింటుంది?

లిప్ సింక్ గురించి మీకు కొత్తగా చెప్పాల్సింది తక్కువే. మూతి కదలికకు మాట కొలవడం ఏ భాషలోనైనా ఒకటే పని. ఖ్మేర్ డబ్బింగ్ ఎక్కువగా చెడేది పిలుపుల దగ్గర. తెలుగులో ఎదుటివాళ్ళకు నువ్వు, మీరు అనే తేడా ఉన్నా, మాట్లాడేవాడికి మాత్రం ఎక్కడైనా 'నేను' ఒక్కటే సరిపోతుంది. ఖ్మేర్‌లో రెండు వైపులా మారతాయి. మామూలు మర్యాదకు నేను అంటే 'ఖ్ఞొమ్', మీరు అంటే 'నేక్'. కానీ ఇంట్లోనూ బజార్లోనూ ఆ రెండిటి కన్నా ఎక్కువ వినిపించేవి వరసలే. తనకన్నా పెద్దవాళ్ళని 'బాంగ్' అంటారు, చిన్నవాళ్ళని 'ఓన్' అంటారు, తమని తాము కూడా అవే మాటలతో చెప్పుకుంటారు. తల్లిదండ్రుల కన్నా పెద్ద వయసువాళ్ళు 'ఓమ్', చిన్నవాళ్ళలో మగవాళ్ళయితే 'పూ', ఆడవాళ్ళయితే 'మీంగ్'. తాత 'తా', అవ్వ 'యేయ్'. కోపంలోనూ, మరీ చనువున్న మగపిల్లల మధ్యా 'అఞ్', 'ఐంగ్' వస్తాయి. అవి కొత్తవాళ్ళ మీద పడితే తిట్టుకిందే లెక్క.

అందుకే మొదటి ఎపిసోడ్ అనువాదం మొదలవక ముందే పిలుపుల పట్టిక కట్టండి. పేరున్న పాత్రలు 25 ఉంటే జంటలు లెక్క ప్రకారం 300 అవుతాయి. నిజంగా ఎదురుపడి మాట్లాడుకునేవి అందులో చాలా తక్కువ, వాటికి రాస్తే చాలు. ఒక్కో వరుసలో ఆరు గడులు ఉండాలి: ఎవరు, ఎవరితో, తనని ఏమనుకుంటారు, ఎదుటివాళ్ళని ఏమంటారు, నలుగురిలో ఉంటే అది మారుతుందా, ఏ ఎపిసోడ్‌లో ఏ టైమ్‌కోడ్ (వీడియో మీది గడియారపు అంకె) నుంచి మారుతుంది. చివరి గడి ఖాళీగా వదిలేస్తేనే అసలు కష్టాలన్నీ. చైనీస్‌లో నాయికా నాయకులు మొదటి ఎపిసోడ్ నుంచి చివరి దాకా 'వో' (నేను), 'నీ' (నువ్వు) అనే అంటూ పోవచ్చు. ఖ్మేర్‌లో అలా కుదరదు. 'ఖ్ఞొమ్–నేక్' నుంచి 'బాంగ్–ఓన్'కు దిగిన క్షణమే ప్రేమ ఒప్పుకున్నట్టు. చూసేవాళ్ళు ఆ ఒక్క మాట కోసం చెవి అప్పగించి కూర్చుంటారు. 12వ ఎపిసోడ్ అనువదించినవారు తొందరపడి 'బాంగ్' అనిపించేసి, 13వది రాసిన మరొకరు మళ్ళీ 'నేక్'కు తీసుకెళ్తే, వాళ్ళిద్దరూ మధ్యలో పోట్లాడుకున్నారేమో అనుకుంటారు.

కొరియన్‌లో ఈ పని కొంత సులువు, ఎందుకంటే మూలంలోనే మెట్లు ఉంటాయి. పేరు చివర మర్యాదకు తగిలించే 'షి' పోయి 'ఒప్పా' వచ్చిన చోటు, మర్యాద క్రియలు పోయి చనువు క్రియలు వచ్చిన చోటు గుర్తు పెట్టుకుని ఖ్మేర్ మార్పు అక్కడే పెట్టొచ్చు. అయితే అన్ననీ అక్కనీ పిలిచే ఒప్పా, హ్యంగ్, నూనా, ఒన్నీ నాలుగూ ఖ్మేర్‌లో 'బాంగ్' దగ్గరికే వచ్చి పడతాయి. పైగా భార్య భర్తనీ, ప్రియురాలు ప్రియుణ్ణీ పిలిచేది కూడా 'బాంగ్' అనే. 'ఒప్పా'లో ఉన్న, అన్నా ప్రియుడా అన్న దోబూచులాట అలాగే నిలుస్తుంది కాబట్టి అది లాభమే. అదే మన హిందీ సీరియల్‌లో నాయిక రాఖీ కట్టి 'భయ్యా' అన్నప్పుడు వట్టి 'బాంగ్' వేస్తే సన్నివేశం తలకిందులవుతుంది. అక్కడ 'బాంగ్ ప్రొహ్', అంటే అన్నయ్య అని విప్పి చెప్పాల్సిందే.

ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళ మీదుగా అనువదిస్తే ఇదంతా చేతిలోంచి జారిపోతుంది. ఇంగ్లీషు 'యూ'లో ఏ మెట్టూ కనబడదు, 'అంకుల్'లో వయసు కనబడదు. చైనీస్ 'బోబో' తండ్రికి అన్న, కనుక ఓమ్. 'షూషూ' తండ్రికి తమ్ముడు, కనుక పూ. 'జ్యూజ్యూ' మేనమామ. అతను తల్లికన్నా పెద్దా చిన్నా అన్నది ఆ మాట చెప్పదు, కథలో వెతకాలి. మనకు పెదనాన్న, బాబాయి, మామయ్య అని వయసుతోపాటు వైపు కూడా ముఖ్యం, ఖ్మేర్‌లో వయసే ముఖ్యం. చైనీస్ వచ్చిన ఖ్మేర్ అనువాదకులు దొరక్కపోతే, కనీసం పిలుపుల పట్టిక వరకైనా మూలభాష తెలిసినవారితో కట్టించి, మాటలు ఇంగ్లీషు నుంచి రాయించండి. మొత్తం ఇంగ్లీషుకే వదిలేయడం కన్నా అది వెయ్యి రెట్లు నయం.

మీది రాజుల కథ కాబట్టి ఇంకో మెట్టు ఉంది. ఖ్మేర్‌లో రాజవంశానికి ప్రత్యేక పదజాలం ఉంది. దాని పేరే 'రీచ్‌సాప్', అంటే రాజశబ్దం. కంబోడియాలో ఇప్పటికీ రాజు ఉన్నాడు. 2004 నుంచి నరోదమ్ సిహమోని. వార్తల్లో ఆయన గురించి చదివేటప్పుడు రోజూ ఈ మాటలు వినబడతాయి కనుక, తప్పు పలికితే సామాన్య ప్రేక్షకుడు కూడా పట్టేస్తాడు. ఒక్క 'తినడం' చూడండి: రాజు తింటే 'సావోయ్', భిక్షువు తింటే 'ఛాన్', గౌరవంగా వడ్డిస్తూ అంటే 'పిసా', ఇంట్లో మామూలుగా 'ఞాం', జంతువులకూ తిట్టడానికీ 'సీ'. చనిపోవడమూ అంతే. మామూలు మనిషి 'స్లాప్', రాజు 'సొకొత్', కసిగా అంటే 'ఙొప్'. విలన్ చక్రవర్తిని తలుచుకుని ఒంటరిగా ఉన్నప్పుడు 'ఙొప్' అని, సభలో 'సొకొత్' అంటే పాత్ర మొత్తం ఆ రెండు మాటల్లో కనబడుతుంది. మూలంలో ఆ తేడా లేకపోయినా ఇక్కడ పెట్టొచ్చు. ఖ్మేర్ మాటల రచయిత అసలు పనితనం తెలిసేది ఇక్కడే.

మరీ అతి చేయడం కూడా ప్రమాదమే. అంతఃపుర సన్నివేశంలో ప్రతి వాక్యానికీ పూర్తి రీచ్‌సాప్ వేస్తే మాట పొడవు చాలాసార్లు ఒకటిన్నర రెట్లవుతుంది, మూతి మూసుకున్నాక కూడా గొంతు నడుస్తూనే ఉంటుంది. నిండు సభలో, రాజాజ్ఞ చదివేటప్పుడు పూర్తిగా వాడండి. రాజు, రాణి ఏకాంతంలో ఉంటే క్రియ ఒక్కటి రాజశబ్దంలో ఉంచి మిగతాది మామూలు చేయండి. సభలో చక్రవర్తి వర్ధిల్లాలని 'వాన్‌స్వే' అని అరిచే చోట 'చెయ్‌యో' సరిపోతుంది. అది సంస్కృతపు 'జయ' నుంచి వచ్చిందే.

చైనా కథల్లో బౌద్ధ భిక్షువు లేకుండా ఉండడు. ఖ్మేర్ భిక్షువు తనని తాను 'ఆత్మా' అనుకుంటాడు, ఎదుటి గృహస్థుని 'ఞోమ్' అంటాడు. ఆయనతో ఎవరూ 'నేక్' అనరు. చైనా భిక్షువు 'పిన్‌సెంగ్' అన్న ప్రతి చోటా 'ఆత్మా' పెడితే మూడు అక్షరాల లోపే పని అయిపోతుంది, వినేవాళ్ళకీ సహజంగా ఉంటుంది. 'అమితోఫో'ను మాత్రం ఆలోచించి మార్చాలి. కంబోడియాలోది థేరవాదం, అమితాభ స్మరణ అక్కడి గుళ్ళో వినబడేది కాదు. దీవెనగా అంటే 'సాథు' బాగుంటుంది. కథ మహాయాన మఠం చుట్టూ తిరిగితే అసలు మాటే ఉంచండి.

అవునన్న మాట కూడా మగవాళ్ళకు 'బాత్', ఆడవాళ్ళకు 'చాహ్'. చైనా, కొరియా కథల్లో ఆడపిల్ల మగవేషం వేయడం మామూలు. నలుగురిలో ఆమె 'బాత్' అనాలి, తన చెలికత్తెతో ఒంటరిగా 'చాహ్' అనాలి. తడబడి సభలో 'చాహ్' అనబోయి సగంలో ఆపేసిందంటే, మూలంలో లేని చమత్కారం ఒకటి ఊరికే దొరికినట్టు. పట్టికలో ఆ పాత్రకు రెండు వరుసలు ఉండాలి, వేషంలో ఒకటి, వేషం తీశాక ఒకటి. ఇది మరిచిపోతే మైకు దగ్గర వాయిస్ ఆర్టిస్ట్ తన అలవాటు ప్రకారం 'చాహ్' అనేస్తుంది. ఎవరూ గమనించరు. ప్రసారమయ్యాక అందరూ గమనిస్తారు.

మీ తర్వాతి సీరియల్ చైనా విప్లవ కాలానిదో గూఢచారులదో అయితే ఒక విషయం ఇప్పుడే గుర్తుంచుకోండి. 'కామ్రేడ్' అన్నదానికి ఖ్మేర్‌లో 'మిత్' ఉంది, మన మిత్ర శబ్దమే. 1975–79 మధ్య ఖ్మేర్ రూజ్ పాలనలో మామూలు పిలుపులు చాలావరకు పక్కన పెట్టించి ఒకరినొకరు 'మిత్' అనుకోమన్నారు. 'సంస్థ' అన్నదానికి ఖ్మేర్ మాట 'అంగ్కా'. ఆ రోజుల్లో అధికారం తన పేరుగా చెప్పుకున్నదీ అదే. స్వచ్ఛంద సంస్థ గురించి మాట్లాడేటప్పుడు ఈనాటికీ అదే మాట మామూలుగా వాడతారు, అందులో ఇబ్బంది లేదు. చీకటి గదిలో ఒకడు 'సంస్థ ఆజ్ఞ' అంటే మాత్రం పెద్దవయసు ప్రేక్షకులకు వేరే జ్ఞాపకం వస్తుంది. దర్శకుడు అది కోరుకుంటే సరే. లేకపోతే 'పైవాళ్ళు', 'కేంద్రం' లాంటి మాటలు చూసుకోండి.

ఇక వాక్యం సంగతి. థాయ్ నుంచి ఖ్మేర్‌కు రావడం అన్నిటికన్నా తేలిక. రెండిటిలోనూ కర్త, క్రియ, కర్మ అనే వరుసే, పదజాలంలోనూ చుట్టరికం ఎక్కువ, పొడవు దాదాపు సరిపోతుంది. చైనీస్ వరుస కూడా అదే. కాకపోతే నాలుగక్షరాల సామెత వచ్చినప్పుడు దాన్ని విప్పి చెప్పడానికి చోటు చాలదు. అసలు చిక్కు కొరియన్‌తో. మనలాగే కొరియన్‌లోనూ క్రియ చివర వస్తుంది, కాదు లేదు అన్నది ఇంకా చివర. 'నేను నిన్ను ప్రేమించడం...' అని ఆగి, కళ్ళు దించుకుని 'లేదు' అంటుంది. ఆ సీన్ మనం తెలుగులో యథాతథంగా దించేయొచ్చు. ఖ్మేర్‌లో 'ఖ్ఞొమ్ మిన్ స్రలాఞ్ నేక్ తే'. 'మిన్' క్రియకు ముందే వచ్చి కూర్చుంటుంది, 'తే' చివర వస్తుంది. నటి ఆగకముందే గుట్టు బయటపడిపోతుంది. విరుగుడు ఏమిటంటే వాక్యాన్ని విరవడం. 'స్రలాఞ్?' అని ప్రశ్నగా వదిలి, ఆగి, కళ్ళు దించుకున్న చోట ఒక్క 'తే' పెట్టండి. ఇలాంటి చోట్లు కొరియన్ ఎపిసోడ్‌లో తరచూ వస్తాయి. అనువాదం చేసేటప్పుడే పసుపు రంగు పూసి, మాటల రచయితకు అప్పగించాలి.

ఈ 'తే' ప్రశ్న చివరన కూడా వస్తుంది. కనుక గొంతు ఎత్తుతోనే అర్థం తేలాలి. ఇక్కడ ఖ్మేర్‌కు ఒక వరం ఉంది. థాయ్, వియత్నామీస్ భాషల్లా ఇది స్వరస్థాయి భాష కాదు, ఏడుస్తూ పలికినా అరుస్తూ పలికినా పదం అర్థం మారదు. ఆర్టిస్ట్‌కు రాగం తీసే స్వేచ్ఛ ఎక్కువ.

దగ్గరి షాట్‌లో ప, బ, మ వంటి పెదవులు కలిసే అక్షరాలు ఎక్కడున్నాయో చూసి, ఆ చోటుకు ఖ్మేర్‌లోనూ అలాంటిదే వెతకండి. చైనీస్‌లో 'బు, బు ష' అని తల అడ్డంగా ఊపే చోట వట్టి 'తే' పెడితే పెదవులు కలవవు. 'మిన్ మెన్ తే' పెడితే మొదటి రెండు అక్షరాలకూ పెదవులు కలుస్తాయి, అర్థం కూడా 'అలా కాదు' అనే. మిడ్ షాట్ దాటితే ఇంత శ్రమ వద్దు, మొదలూ చివరా కలిస్తే చాలు. మామూలు మాటకు సెకనుకు నాలుగైదు అక్షరాల కన్నా ఎక్కువ కూరితే వార్తలు చదివినట్టుంటుంది.

రాత భాషకూ పలుకుబడికీ మధ్య దూరం ఖ్మేర్‌లో ఎక్కువే, మన గ్రాంథికం, వ్యావహారికం గొడవ గుర్తొస్తుంది. అనువాదకులు చదువుకున్నవాళ్ళు కాబట్టి వంటింటి మాటలోనూ 'బొరిఫోక్' అని రాసేస్తారు. రచయిత దాన్ని 'ఞాం బాయ్' చేయాలి. నాంపెన్ వీధి పలుకులో 'ర' మింగేస్తారు. చేపను 'త్రెయ్' అనకుండా 'తెయ్' అన్నట్టు వినబడుతుంది. నగరపు కుర్రాళ్ళ పాత్రలకు అది అందమే, మంత్రి నోట్లో పడితే నవ్వొస్తుంది. భారతీయ పౌరాణికాలు చేస్తే పేర్లు వాళ్ళ 'రియంకే' ప్రకారం ఉండాలి, అదే వాళ్ళ రామకీర్తి. రాముడు 'ప్రేహ్ రియం', సీత 'నియంగ్ సేడా', రావణుడు 'క్రోంగ్ రియప్'. 'రామా' అని మనలాగా పలికిస్తే ఇంకో దేశపు కథలాగా ఉంటుంది.

స్క్రిప్ట్ కాగితం మీదికి ఎక్కేటప్పుడు వచ్చే చిక్కులు చిన్నవిగా కనబడతాయి కానీ రికార్డింగ్ గంటలు తినేస్తాయి. ఖ్మేర్‌లో పదాల మధ్య ఖాళీ ఉండదు, ఖాళీ ఉందంటే పదబంధం ముగిసినట్టు. కంప్యూటర్‌లో పంక్తి ఎక్కడ విరగాలో తెలియడానికి కనబడని సున్నా వెడల్పు ఖాళీ పెట్టాలి. అది లేకపోతే పదం మధ్యలో విరిగి ఆర్టిస్ట్ తడబడతాడు. ఊపిరి తీసుకునే చోట ఏటవాలు గీత పెట్టండి. అక్షరాల కింద వత్తులు, పైన గుర్తులు ఉంటాయి కనుక 16 పాయింట్లకు తగ్గకుండా, పంక్తుల మధ్య ఒకటిన్నర ఎడంతో ప్రింట్ తీయండి. పాత లిమోన్ ఫాంట్లలో టైప్ చేసిన ఫైలు వస్తే అది యూనికోడ్ కాదు, తెరిస్తే పిచ్చి గీతలే. మార్చి, ఒకసారి మనిషి చేత చదివించాలి.

చైనా పేర్లు రాసేటప్పుడు ఇంకో మాట. ఖ్మేర్ హల్లులు రెండు వర్గాలు. ఒకే అచ్చు గుర్తు ఏ వర్గం హల్లు మీద పడిందో దాన్నిబట్టి వేరే ధ్వని ఇస్తుంది. వర్గం మార్చడానికి రెండు గుర్తులున్నాయి. ఒకదాని పేరు మూషికదంతం, అంటే ఎలుక పళ్ళు, చూడ్డానికి అలాగే ఉంటుంది. రెండోది త్రైశబ్దం. వీటిని వదిలేసి పేరు రాస్తే ఒకే సేనాపతిని ఇద్దరు రెండు రకాలుగా పిలుస్తారు. పేర్ల జాబితాకు పక్కన ఒక ఆడియో ఫైలు పెట్టండి, ప్రతి పేరూ రెండుసార్లు స్పష్టంగా పలికించి. రెండు గంటల పని, నలభై ఎపిసోడ్లు కాపాడుతుంది.

సామగ్రి అడిగేటప్పుడు ఇవి రాతలో అడగండి: టైమ్‌కోడ్ తెరమీద కనబడే వీడియో, అది లేని శుభ్రమైన వీడియో, సంభాషణ లేని సంగీతం–శబ్దాల ట్రాక్, అంటే ఎం అండ్ ఈ, చివరి ఎడిట్‌కు సరిపోయే మాటల జాబితా, తెరమీద కనబడే రాతల జాబితా, పాటల హక్కుల వివరం. ఎం అండ్ ఈ వచ్చిందని సంబరపడకుండా మొదటి పది నిమిషాలు ఒంటరిగా వినండి. అడుగుల చప్పుడు, తలుపు, గుడ్డల రాపిడి ఉన్నాయా? చైనా సీరియళ్ళలో చాలావరకు గొంతులు స్టూడియోలో మళ్ళీ చెప్పించినవే, కనుక సంభాషణ విడిగా ఉంటుంది, ఎం అండ్ ఈ నిండుగా దొరికే అవకాశం ఎక్కువ. కొరియాలో సెట్లో తీసిన ధ్వనే వాడటం ఎక్కువ. సంభాషణ తీసేస్తే దానితోపాటు కప్పు పెట్టిన చప్పుడు కూడా పోతుంది. అలాంటిచోట ఫోలీ, అంటే అడుగులు, కప్పుల్లాంటి చిన్న చప్పుళ్ళు, మళ్ళీ చేయాలి.

ఎం అండ్ ఈ అసలు లేకపోతే 5.1 మిక్స్, అంటే ఆరు ఛానెళ్ళుగా విడదీసిన ధ్వని, ఉందేమో అడగండి. సంభాషణ ఎక్కువగా మధ్య ఛానెల్‌లోనే ఉంటుంది, దాన్ని మూసేస్తే సగం పని అయినట్టే. అదీ లేకపోతే గొంతును వేరుచేసే ఏఐ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. డెమక్స్ లాంటివి మామూలు సంభాషణ మీద బాగానే పనిచేస్తాయి. వాన, జనం, పాట మధ్యలో మాట ఉంటే నీళ్ళలోంచి వచ్చినట్టు గరగరలు మిగులుతాయి. పాత వీడియో క్యాసెట్ల పద్ధతి, మాట వచ్చినప్పుడల్లా అసలు ట్రాక్‌ను తగ్గించి ఖ్మేర్ గొంతు పైన పెట్టడం. దాంతో సంగీతం మాటమాటకూ కుంగి లేస్తూ ఉంటుంది. ఈ రోజుల్లో దానికి సమర్థన లేదు.

ఫ్రేమ్ రేట్, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలో, మొదటి రోజే తేల్చండి. చైనాది సాధారణంగా 25. కొరియన్ ఫైలు 29.97 కావచ్చు, 23.976 కావచ్చు. 23.976ను 25కు పరుగెత్తిస్తే 45 నిమిషాల ఎపిసోడ్ 43 నిమిషాల 9 సెకన్లవుతుంది, గొంతులు కీచుగా మారతాయి. ఇది అందరికీ కనబడే తప్పు కాబట్టి భయం లేదు. దొంగ తప్పు 23.976, 24 మధ్య ఉంటుంది. తేడా వెయ్యికి ఒకటే, మొదట్లో అంతా సరిగా ఉన్నట్టే ఉంటుంది, 45వ నిమిషానికి 2.7 సెకన్లు జారిపోతుంది. అందుకే సింక్ ఎప్పుడూ ఎపిసోడ్ చివరి సీన్‌లో చూడాలి. 29.97లో డ్రాప్, నాన్‌డ్రాప్ అని టైమ్‌కోడ్ లెక్కించే పద్ధతులు రెండున్నాయి, వాటిని కలగలిపితే గంటకు 3.6 సెకన్ల తేడా వస్తుంది.

గొంతుల విషయంలో, ప్రధాన పాత్రలకు ముగ్గురు మగ, ముగ్గురు ఆడ, పెద్దవయసువి చెరొకటి, మొత్తం ఎనిమిది మందితో 40 ఎపిసోడ్లు నడపొచ్చు. పిల్లల గొంతులు ఆడవాళ్ళే చెబుతారు. ఒకే ఆర్టిస్ట్ మూడు నాలుగు చిన్న పాత్రలు చెప్పాల్సిందే, అందులో తప్పులేదు. ఆ పాత్రలు ఒకే సీన్‌లో ఎదురుపడితేనే తప్పు. సీన్లు అడ్డంగా, పాత్రలు నిలువుగా పెట్టి ఒక గళ్ళ కాగితం గీస్తే ఆ తగాదా ముందే కనబడుతుంది. అయిదు ఎపిసోడ్ల చొప్పున కట్టగా చేయండి. కట్ట మొత్తం మాటలు సిద్ధమయ్యాకే మైకు దగ్గరికి వెళ్ళండి.

45 నిమిషాల్లో పేర్లూ, గత భాగమూ తీసేస్తే సుమారు 400 నుంచి 500 మాట ముక్కలుంటాయి. చేయి తిరిగిన బృందం ఒక రోజులో ఒక ఎపిసోడ్ ముగించొచ్చు. మొదటి అయిదు ఎపిసోడ్లకు రెట్టింపు సమయం పెట్టుకోండి. ప్రతి ముక్కకు ముందు సెకను ఎడంతో మూడు బీప్‌లు, నాలుగోది రావాల్సిన చోట మాట మొదలవ్వాలి. మైకు జానెడు దూరంలో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, పతాక స్థాయి −12 నుంచి −6 డెసిబెళ్ళ మధ్య. యుద్ధం అరుపులూ గుండె పగిలే ఏడుపులూ ఆ రోజు చివరికి నెట్టండి. ఉదయమే అరిపిస్తే మధ్యాహ్నానికి రాణిగారి గొంతు బొంగురు. నాంపెన్‌లో మే నుంచి అక్టోబరు దాకా వానలు. రేకు కప్పు ఉన్న భవనంలో బూత్ అయితే ఆ నెలల్లో మధ్యాహ్నాలు నమ్ముకోలేం. కండెన్సర్ మైకుకు చెమ్మ పడదు, పని కాగానే సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టాలి. ఏప్రిల్ మధ్యలో ఖ్మేర్ ఉగాది, సెప్టెంబరు–అక్టోబరులో ప్చుమ్ బెన్, అంటే వాళ్ళ పితృపక్షం. ఆ రోజుల్లో ఆర్టిస్టులు ఊళ్ళకు వెళ్తారు, షెడ్యూల్‌లో ముందే వదిలేయండి.

మిక్స్‌లో టీవీకి −23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే బిగ్గరతనానికి కొలత) పెట్టుకుంటే ఛానెల్ వేరే కొలత అడిగినా దించడం ఎత్తడం తేలిక. ఆన్‌లైన్‌కు −14 దగ్గర వేరే ప్రతి తీయండి. శబ్దం బొమ్మకన్నా 45 మిల్లీసెకన్లు ముందొస్తే కన్ను పట్టేస్తుంది, వెనకబడితే 125 దాకా ఓర్చుకుంటుంది. కనుక అనుమానం ఉన్నప్పుడు ఒకటి రెండు ఫ్రేములు వెనక్కే జరపండి. దూరంగా నిలబడ్డవాడి గొంతు చెవిలో చెప్పినట్టు వినబడటం అతి సాధారణ లోపం. గదికి తగిన ప్రతిధ్వని కొంచెం కలపాలి. ఫోన్ గొంతుకు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ఉంచి మిగతాది కోసేయండి. చివరగా మామూలు మొబైల్ ఫోన్ స్పీకర్‌లో ఒకసారి వినండి, చాలామంది చూసేది అందులోనే.

హక్కుల దగ్గర రెండు ముక్కలు. 'నియాయ్ ఖ్మే', అంటే ఖ్మేర్ మాట్లాడే సీరియల్ అని పెట్టిన వీడియోలు నెట్‌లో బోలెడు. వాటిలో హక్కులున్నవి ఎన్నో చూసేవాడికి తెలియదు కాబట్టి, మీ ఒప్పందంలో మాత్రం డబ్బింగ్ హక్కు, ఖ్మేర్ భాష హక్కు, ఆన్‌లైన్ హక్కు విడివిడిగా రాయించుకోండి. కంబోడియా భూభాగానికే కొంటే అమెరికాలోని లాంగ్ బీచ్‌లో, ఫ్రాన్స్‌లో ఉన్న ఖ్మేర్ కుటుంబాలు చూడలేవు. కొంత ఆదాయం అక్కడే వదులుకున్నవాళ్ళవుతారు. టీవీకి వెళ్ళేదైతే సంస్కృతి, లలిత కళల మంత్రిత్వ శాఖ అనుమతి ఎవరి బాధ్యతో కూడా రాతలో ఉండాలి. చైనా సీరియళ్ళకు ఇంకో దారి కూడా నడుస్తోంది. గ్వాంగ్షీ ప్రాంతపు ప్రసార సంస్థ, కంబోడియా జాతీయ టీవీ టీవీకేతో కలిసి ఖ్మేర్ డబ్బింగ్ చేయించి ప్రసారం చేస్తుంది. మీ సీరియల్ ఇప్పటికే ఆ దారిలో వెళ్ళిందేమో ముందు కనుక్కోండి.

డబ్బులు ప్రసారానికి ముడిపెట్టకండి. 2003 జనవరి 29న, అంగ్కోర్ వాట్ థాయ్‌లాండ్‌దేనని థాయ్ నటి సువనంత్ కాంగ్‌యింగ్ అన్నదన్న పుకారు మీద నాంపెన్‌లోని థాయ్ రాయబార కార్యాలయాన్ని తగలబెట్టారు. ఆమె నటించిన సీరియల్‌తో ఆమెకు 'ఫ్కాయ్ ప్రూక్', అంటే వేగుచుక్క అనే పేరు ఇళ్ళల్లో పాతుకుపోయి ఉంది అప్పటికి. థాయ్ సీరియళ్ళు తెరమీంచి ఒక్కసారిగా పోయాయి, ఆ చోటులోకి చైనావి, కొరియావి వచ్చాయి. మెల్లగా తిరిగొచ్చిన థాయ్ సీరియళ్ళను సరిహద్దు గొడవతో 2025 జూన్‌లో మళ్ళీ ఆపేశారు. డబ్ చేసి బీరువాలో పెట్టిన ఎపిసోడ్లకు అప్పుడు కొనేవాడు ఉండడు. ఎపిసోడ్ అప్పగించి, సరిచూసి సంతకం పెట్టిన రోజునుంచి నెలలోపు చెల్లింపు అని రాయించుకోండి. అయిదేసి ఎపిసోడ్ల కట్టకు పావు వంతు ముందే తీసుకోండి.

సరిచూసేవాళ్ళు ఇద్దరుండాలి. ఒకరు బొమ్మతో, ఒకరు బొమ్మ లేకుండా. రెండోవారు కథ తెలియని ఖ్మేర్ మనిషి అయితే మంచిది. ఒక సీన్ వినిపించి, ఎవరు ఎవరికి ఏమవుతారు అని అడగండి. పిలుపుల పట్టికలో రాసుకున్న దానికీ ఆ జవాబుకూ ఎక్కడ తేడా వచ్చిందో ఆ ముక్కలే మళ్ళీ రికార్డ్ చేయాల్సినవి. మొదటి ఎపిసోడ్‌లో అలాంటివి ఇరవై దాటితే ఆరో ఎపిసోడ్‌కు వెళ్ళకండి, పట్టిక దగ్గరికి వెనక్కి రండి.